నోరు మండుతుంటే ముందు అద్దం, తర్వాతే మందు

విశాఖ పూర్ణా మార్కెట్లో ఎవరైనా నోరు మండుతోందంటే వైద్యం అక్కడికక్కడే తేలిపోతుంది. "వేడి చేసుంటదిరా, మజ్జిగ తాగు" అంటాడు పక్క కొట్టు మావయ్య. మందుల షాపులో బి-కాంప్లెక్స్ బిళ్ళల అట్ట ఒకటి చేతిలో పెడతారు. పచ్చిమిర్చి కొరికినందుకో, నాలుక పంటికింద పడ్డందుకో మండితే ఆ వైద్యం చాలు. నిజానికి అది కూడా అక్కర్లేదు, నాలుగు రోజుల్లో దానంతటదే పోతుంది. ఇక్కడ రాసేది వాళ్ళ కోసం కాదు. నెలల తరబడి, రోజూ, గంటల కొద్దీ నోరు మండుతుంటే ఆ మంటతోనే బస్తాలు మోసే కళాసీల కోసం, గంపల ముందు కూర్చుని తూకం వేసే ఆడవాళ్ళ కోసం, హోల్‌సేల్ కొట్లలో లెక్కలు రాసే గుమస్తాల కోసం.

మందు అడిగే ముందు అది ఏ రకం మంటో తేల్చుకోవాలి. ఒక రకం ముదిరితే ప్రాణం మీదికి తెస్తుంది. ఇంకో రకం కారణం దొరికితే కొద్ది వారాల్లో పోతుంది. మరో రకం ప్రాణానికి ఏ అపాయమూ చేయదు కానీ ఏళ్ళ తరబడి వేధిస్తుంది. బాధపడేవాళ్ళు మాత్రం మూడింటికీ "నోరు మండుతోంది" అనే అంటారు. అందుకే చేతిలో ఉన్న కొద్ది డబ్బూ, పని మానుకున్న పూటా మొదటి రకం కాదని తేల్చుకోవడానికి ముందు ఖర్చు పెట్టాలని నా అభిప్రాయం. చాలామంది తలకిందులుగా చేస్తారు. ఏడాదిపాటు విటమిన్లు మింగి, పళ్ళ పేస్టులు నాలుగు మార్చి, చివరికి నోరు తెరుచుకోక ఆసుపత్రికి వెళ్తారు.

మొదటి పరీక్షకి డబ్బు అక్కర్లేదు. పగటి వెలుతురులో అద్దం ముందు నిలబడి, ఫోన్ లైటు వేసుకుని నోరు పూర్తిగా తెరవండి. కట్టుడు పళ్ళుంటే తీసేయండి. బుగ్గల లోపలి వైపు, అంగిలి, నాలుక రెండు పక్కలు, నాలుక కింద, చిగుళ్ళ వెనక చూడండి. తుడిస్తే పోని తెల్లమచ్చ, ముఖమల్ గుడ్డలా ఎర్రగా మెరిసే మచ్చ, రెండు మూడు వారాలైనా మానని పుండు, చేతికి తగిలే గడ్డ, కారణం లేకుండా కదులుతున్న పన్ను, మెడ పక్కన బిళ్ళ కట్టడం, పెదవో నాలుకో తిమ్మిరెక్కడం. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా మరుసటి రోజే డాక్టరు దగ్గరికి వెళ్ళండి. అది నొప్పి పెట్టడం లేదన్నది ధైర్యానికి కారణం కాదు. నోటి క్యాన్సరు మొదట్లో చాలామందికి నొప్పి పెట్టదు.

రెండో పరీక్ష వేళ్ళతో. చూపుడు వేలు, మధ్య వేలు, ఉంగరపు వేలు మూడూ ఒకదాని మీద ఒకటి నిలువుగా పెట్టి, పై ముందుపళ్ళకీ కింది ముందుపళ్ళకీ మధ్య దూర్చండి. మీ వేళ్ళు మీ నోట్లో పట్టాలి. రెండే పడుతున్నాయంటే, బుగ్గ లోపల పాలిపోయి గట్టిగా తాడులాంటి పట్టీలు వేలికి తగులుతున్నాయంటే, కారం తగలగానే నోరు భగ్గుమంటోందంటే, మీ జేబులో గుట్కా పొట్లమో వక్కపొడి డబ్బానో ఉందేమో చూసుకోండి.

ఇలా నోరు బిగిసిపోయే జబ్బును వైద్యులు సబ్‌మ్యూకస్ ఫైబ్రోసిస్ అంటారు. ఆధునిక వైద్యంలో దాన్ని మొదట వర్ణించింది 1952లో, కెన్యాలో స్థిరపడ్డ అయిదుగురు భారతీయ స్త్రీలలో. సముద్రం దాటినా వక్క అలవాటు వాళ్ళతోనే వెళ్ళింది మరి. మూలం వక్క. పొగాకు కలపకపోయినా వక్క ఒక్కటే చాలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అనుబంధ క్యాన్సరు పరిశోధన సంస్థ 2004లో వక్కను మనిషికి క్యాన్సరు తెచ్చే పదార్థంగానే తేల్చింది. "నేను పొగాకు ముట్టను, ఉత్త స్వీట్ వక్కపొడే" అనేవాళ్ళు పై వాక్యం రెండోసారి చదవాలి. ఎర్నాకుళం జిల్లాలో ఈ జబ్బున్నవాళ్ళను 17 ఏళ్ళు గమనిస్తే 7.6 శాతం మందికి నోటి క్యాన్సరు వచ్చింది. అంటే ఎక్కువమందికి రాలేదు. కానీ ఆ తక్కువమందిలో మీరుండరని ఎవరూ రాసివ్వలేరు.

వైద్యం ఉంది, అయితే పోయిన సాగుడుతనం పూర్తిగా తిరిగి రాదు. వక్క మానేస్తే మంట చాలావరకు దిగుతుంది. బుగ్గల్లోకి స్టెరాయిడ్, హయలురోనిడేజ్ ఇంజెక్షన్లు వారాల తరబడి ఇస్తారు. లైకోపిన్ క్యాప్సూల్స్ రాస్తారు. టమాటాకి ఎరుపునిచ్చే పదార్థమే లైకోపిన్. అలాగని టమాటా పచ్చడి తింటే సరిపోదు, మండుతున్న నోటికి ఆ పులుపు అదనపు శిక్ష. ఐస్‌క్రీం పుల్లలు పళ్ళ మధ్య ఒక్కొక్కటీ పేర్చుకుంటూ నోరు తెరిచే వ్యాయామం రోజూ చేయాలి. మరీ బిగిసిపోతే ఆపరేషను. వక్క నములుతూ ఇవన్నీ చేయించుకోవడం మాత్రం డబ్బు పారబోయడమే.

మానేయడం చెప్పినంత తేలిక కాదని నాకూ తెలుసు. తెల్లవారుజామున లారీ దించే మనిషికి ఖైనీ, గుట్కా అంటే నిద్ర ఆపే మందు, ఆకలి చంపే మందు కూడా. అందుకే "మానెయ్" అని ఒక మాట అనేసి ఊరుకునే సలహా పనిచేయదు. ఆ రెండు అవసరాలకీ ఏదో ఒకటి చూపించాలి. లోడు దించే ముందు చోడి అంబలో, రెండు ఇడ్లీలో కడుపులో పడాలి. జేబులో పొట్లం ఉండే చోట వేయించిన శనగలు ఉండాలి. నోట్లో ఏదో ఒకటి ఆడుతూ ఉండాలనే కోరిక మొదటి రెండు మూడు వారాలు గట్టిగా ఉంటుంది, తర్వాత వదులుతుంది. జట్టులో ఒక్కడే మానేయడం కష్టం, ఇద్దరు కలిసి మానేస్తే నిలబడుతుంది. 1800-11-2356 నంబరుకి ఫోన్ చేస్తే పొగాకు మానడానికి సలహా ఉచితంగా ఇస్తారు.

ఇక ఉత్తరాంధ్రలో కనిపించే ఒక అలవాటు గురించి కాస్త నిలబడి చెప్పుకోవాలి. అడ్డపొగ. చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని పీల్చడం. విశాఖ, విజయనగరం, శ్రీకాకుళం పల్లెల్లోనూ, తీరం వెంబడి మత్స్యకార కుటుంబాల్లోనూ మగవాళ్ళ కంటే ఆడవాళ్ళలో ఈ అలవాటు ఎక్కువ. గాలికి ఆరిపోదు, రెండు చేతులూ పనికి ఖాళీగా ఉంటాయి, చుట్ట చాలాసేపు వస్తుంది. కానీ నిప్పు వేడి నేరుగా అంగిలికి తగులుతుంది. అంగిలి క్యాన్సరు లోకంలో చాలాచోట్ల అరుదు, మన దగ్గర మాత్రం కాదు. విశాఖలోని ఆంధ్ర మెడికల్ కాలేజీ వైద్యులు 1950ల్లోనే ఈ సంబంధాన్ని వైద్య పత్రికలకెక్కించారు. 1971లో డెన్మార్కు నిపుణుడు పిండ్‌బోర్గ్, భారతీయ వైద్యులు కలిసి శ్రీకాకుళం జిల్లాలో 10,169 మంది పల్లెజనం అంగిళ్ళు పరీక్షించి రాసిన వ్యాసాన్ని నోటి వైద్యం చదివేవాళ్ళు ఇప్పటికీ ప్రస్తావిస్తారు. మనకి పనికొచ్చే సంగతి ఇది: అడ్డపొగ తాగే అమ్మమ్మకి నోరు మండకపోవచ్చు. అంగిలి తెల్లగా మందం కట్టి, మధ్యలో ఎర్రటి చుక్కలు తేలుతాయి, ఆమెకి ఏమీ తెలియదు. చేపలో కూరగాయలో అమ్మడానికి మార్కెట్టుకొచ్చే ఇంటి పెద్దావిడ చుట్ట తాగుతుంటే, ఆమె నోరు మండుతోందని చెప్పేదాకా ఆగకండి. "అమ్మమ్మా, ఓసారి నోరు తెరువు" అని మీరే లైటు వేసి చూడండి.

అద్దంలో ఏమీ కనిపించలేదు, వేళ్ళు మూడూ పట్టాయి, అలవాట్లూ లేవు. అప్పుడు రెండో రకం వెతకాలి. ఇక్కడ రక్తపరీక్ష పనికొస్తుంది. హిమోగ్లోబిన్‌తో సహా రక్తకణాల లెక్క, ఇనుము నిల్వ తెలిపే ఫెరిటిన్, బి12, ఫోలిక్ యాసిడ్, షుగర్, థైరాయిడ్. ఇవి చాలు, ల్యాబువాళ్ళు చూపించే పెద్ద ప్యాకేజీలు అక్కర్లేదు. ఇనుము తక్కువైనా, బి12 తక్కువైనా నాలుక నున్నగా, ఎర్రగా మారి మండుతుంది. మాంసం, గుడ్డు ముట్టని షావుకార్లలో బి12 లోటు మామూలే. షుగర్‌కి మెట్‌ఫార్మిన్ ఏళ్ళ తరబడి వాడేవాళ్ళలో, గ్యాసు బిళ్ళ రోజూ మింగేవాళ్ళలో కూడా అది తగ్గిపోతుంది. ఇనుము బిళ్ళ వేసుకుని వెంటనే టీ తాగితే ఇనుము సరిగ్గా ఒంటబట్టదు. గంటకో టీ తాగే మార్కెట్టులో ఈ సంగతి ముఖ్యం. బిళ్ళకీ టీకీ మధ్య గంటో రెండు గంటలో ఎడం ఉంచి, నిమ్మరసంతో వేసుకోండి. నోరు మండి నిమ్మ పడకపోతే ఉత్త నీళ్ళు చాలు. హిమోగ్లోబిన్ మామూలుకొచ్చాక కూడా మూడు నెలలు వాడితేనే నిల్వ నిండుతుంది. సగంలో ఆపేసి "నాకు పడలేదు" అనకండి. బి12 బాగా తగ్గితే ఇంజెక్షనే నయం. తిండిలో కార్జం, చేపలు, గుడ్లు, పాలు దానికి ఆధారం.

కట్టుడు పళ్ళు రాత్రి కూడా తీయకుండా పడుకునేవాళ్ళకి, ఆయాసానికి స్టెరాయిడ్ ఇన్‌హేలర్ పీల్చి నోరు పుక్కిలించనివాళ్ళకి, షుగర్ అదుపులో లేనివాళ్ళకి నోట్లో ఫంగస్ పట్టి మండుతుంది. క్లోట్రిమజోల్ చుక్కల మందుతో పదిపదిహేను రోజుల్లో తగ్గిపోతుంది. ఈ ఫంగస్ మీద షాపులో అడిగి తెచ్చుకున్న నోటిపూత పేస్టు రాస్తే, అందులో స్టెరాయిడ్ ఉంటే, మంట ఇంకా పెరుగుతుంది. బీపీకి వాడే ఎనలాప్రిల్ వంటి మందులు కొందరికి నోటి మంట తెస్తాయి. అనుమానం వస్తే డాక్టరుకి చెప్పి మార్పించుకోవాలి, సొంతంగా ఆపేయకూడదు. పేస్టులో నురుగు కోసం కలిపే పదార్థం, ఘాటు పుదీనా, దాల్చిన చెక్క రుచి పడనివాళ్ళు ఉంటారు. నెల రోజులు నురుగు రాని పేస్టుతో తోమి చూస్తే తెలిసిపోతుంది. నోరు ఎండిపోవడం మరో కారణం. ఎండలో బరువులు మోసేవాళ్ళకీ, పొద్దున్నుంచి వేలం పాట పెడుతూ అరిచేవాళ్ళకీ, ఉక్కు ఫ్యాక్టరీలో కొలిమి దగ్గర పనిచేసేవాళ్ళకీ ఇది బాగా తెలిసిన బాధ. ఒకేసారి చెంబెడు తాగేకంటే పావుగంటకోసారి రెండు గుక్కలు మేలు.

పరీక్షలన్నీ బాగున్నాయి, నోట్లో ఏ మచ్చా లేదు. కానీ రోజూ రెండు గంటలకి మించి, మూడు నెలలకి పైగా నాలుక చివర, పక్కలు, పెదవులు, అంగిలి కాలినట్టు మండుతూనే ఉన్నాయి. దీని పేరు బర్నింగ్ మౌత్ సిండ్రోమ్. ఎక్కువగా ముట్లుడిగిన ఆడవాళ్ళలో, యాభై దాటాక వస్తుంది. పొద్దున లేవగానే తక్కువగా ఉండి సాయంత్రానికి పెరగడం, భోజనం చేస్తుంటే తగ్గడం, నోరు చేదుగానో ఇనుప రుచిగానో ఉండడం దీని గుర్తులు. పుండు ఉన్న నోరు తింటే మండుతుంది, ఈ నోరు తింటుంటే కాస్త చల్లబడుతుంది. డాక్టరుకి ఈ తేడా చెప్పడం మర్చిపోకండి.

కోడలు "అత్తకి చాదస్తం" అంటుంది, డాక్టరు "ఏమీ లేదమ్మా, టెన్షన్ పడకు" అని పంపిస్తాడు. ఏమీ లేకపోవడం కాదు. 2005లో ఇటలీ పరిశోధకులు ఇలాంటివాళ్ళ నాలుక ముక్క తీసి చూస్తే అందులోని సన్నని నరాల కొసలు తగ్గిపోయి ఉన్నాయి. కాటా మీద ఏమీ పెట్టకపోయినా ముల్లు పక్కకి వాలి ఉండడంలాంటిది ఇది. దిగులు, నిద్రలేమి ఈ మంటని పెంచుతాయి, మంట మళ్ళీ వాటిని పెంచుతుంది. కానీ మంట కల్పితం కాదు. ఇంకో హెచ్చరిక: ఈ జబ్బుతో మంచి పళ్ళు పీకించుకున్నవాళ్ళు, కట్టుడు పళ్ళ సెట్లు మళ్ళీ మళ్ళీ మార్పించుకున్నవాళ్ళు ఉన్నారు. ఎక్స్‌రేలో కారణం కనిపించనిదే పన్ను పీకడానికి ఒప్పుకోకండి.

దీనికి మందుల విషయంలో దాపరికం లేకుండా మాట్లాడుకుందాం. 2016లో వైద్య ప్రయోగాలను సమీక్షించే కోక్రేన్ సంస్థ 23 ప్రయోగాలు వడపోసి, ఏ ఒక్క మందునీ గట్టిగా సిఫారసు చేసేంత ఆధారం లేదని తేల్చింది. ఏదీ పనిచేయదని దాని అర్థం కాదు. ఒకరికి పనిచేసింది ఇంకొకరికి చేయకపోవచ్చు, ఓపికగా ఒక్కొక్కటీ వాడి చూడాలి. ఉన్నవాటిలో క్లొనజెపామ్‌కి కాస్త బలం ఉంది. 2004లో ఫ్రాన్సులో చేసిన ప్రయోగంలో 1 మిల్లీగ్రాము బిళ్ళని మింగకుండా, మంట ఉన్న చోట మూడు నిమిషాలు లాలాజలంతో నాననిచ్చి ఉమ్మేయించారు. రోజుకి మూడుసార్లు, 14 రోజులు. మందు లేని ఉత్త బిళ్ళ వాడినవాళ్ళకంటే వీళ్ళకి మంట బాగా తగ్గింది. అయితే ఉమ్మేసినా కొంత ఒంట్లోకి పోతుంది, మత్తు వస్తుంది, అలవాటు పడే గుణమూ ఉంది. డాక్టరు చీటీ లేకుండా కొనకూడదు, ఎక్కువకాలం వాడాక ఒక్కసారిగా ఆపకూడదు. దీంతోపాటు సారా, బ్రాందీ ఏదీ ముట్టకూడదు.

ఆల్ఫా లిపోయిక్ యాసిడ్ అని నరాల బలానికి రాసే క్యాప్సూల్ ఇంకొకటి. తొలి ఇటలీ ప్రయోగాల్లో బాగా మెరిసింది, తర్వాతి వాటిలో ఉత్త బిళ్ళకీ దానికీ తేడా కనిపించలేదు. ధర తక్కువేం కాదు. రెండు నెలలు వాడి చూడండి, తేడా లేకపోతే ఆ డబ్బు గుడ్లకి పెట్టండి. షుగర్ మందు వాడేవాళ్ళు దీన్ని డాక్టరుకి చెప్పకుండా మొదలుపెట్టొద్దు. అమిట్రిప్టిలిన్, గాబాపెంటిన్, డ్యులోక్సెటిన్ నరాల నొప్పి మందులు, కొందరికి ఉపశమనమిస్తాయి. అసలే ఎండిపోయిన నోటిని అమిట్రిప్టిలిన్ ఇంకా ఎండగడుతుంది. మిరపకాయలోని ఘాటు పదార్థంతో పుక్కిలించే వైద్యం కూడా ఉంది. ఎండుమిర్చి బస్తాల మధ్య బతికేవాళ్ళకి నవ్వొచ్చినా, ఇంట్లో కారప్పొడి కలుపుకుని ప్రయోగాలు చేయకండి, మంట ముందు పెరుగుతుంది, కడుపు పాడవుతుంది. మాటలతో చేసే మనోవైద్యం వల్ల మంట తగ్గినట్టు 1995లోనే స్వీడన్‌లో చూశారు. 14416కి ఫోన్ చేస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ వాళ్ళు తెలుగులోనే మాట్లాడతారు. ఐస్ ముక్క చప్పరించడం, చక్కెర లేని చూయింగ్ గమ్ నమలడం చిన్న ఊరట. రోజంతా బేరమాడే నోటికి ఈ చిన్న ఊరటే ఒక్కోసారి పూట గడిపిస్తుంది.

ఈ మందుల్ని పని వేళలతో సర్దుకోవడంలోనే ఎక్కువమంది తప్పుతారు. రాత్రి పడుకునే ముందు వేసుకోమని రాసిన మత్తు బిళ్ళ, రాత్రి పదకొండుకి వేసుకుని మూడింటికి లారీ దించడానికి లేచేవాడికి పొద్దుటిదాకా దిగదు. తల మీద బస్తాతో మెట్లెక్కేవాడు తూలితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. అందుకని డాక్టరు అడగకపోయినా మీ పని ఏమిటో, ఎన్నింటికి మొదలవుతుందో మొదటి మాటగా చెప్పండి. మీ నిద్ర సాయంత్రం ఏడింటికైతే మందు వేళ ఆరింటికి మారాలి. మొదటి మోతాదు మరుసటి రోజు సెలవున్న రాత్రి వేసుకుని చూడండి. పోర్టులో క్రేన్, ఫోర్క్‌లిఫ్ట్ నడిపేవాళ్ళు, ఉక్కు ఫ్యాక్టరీలో ఎత్తు మీద పనిచేసేవాళ్ళు, ఆటో డ్రైవర్లు మత్తు మందు మొదలుపెట్టే ముందే తమ డాక్టరుకో సూపర్‌వైజరుకో చెప్పి కొన్నాళ్ళు వేరే పని అడగాలి. దాచిపెట్టి ఉద్యోగం కాపాడుకోవాలనుకుంటే అసలుకే మోసం.

ఎక్కడికి వెళ్ళాలి? పూర్ణా మార్కెట్టు నుంచి కింగ్ జార్జ్ ఆసుపత్రి (కేజీహెచ్) నడిచి వెళ్ళేంత దూరం. లోడు పని ముగిశాక నేరుగా దంతవైద్యం ఓపీకి వెళ్ళొచ్చు. రక్తపరీక్షలు, ఫంగస్, బి12 ఇంజెక్షన్ల దాకా అక్కడ తేలుతాయి. అనుమానపు మచ్చ ఉంటే ముక్క తీసి పరీక్షకి పంపుతారు. "ముక్క తీస్తే క్యాన్సరు పాకిపోతుంది" అనే మాట మార్కెట్టులో వింటారు, అది అబద్ధం. కారణం దొరకని మంటకి ఓరల్ మెడిసిన్ చదివిన దంతవైద్యులు సరైనవాళ్ళు. రుషికొండలో గీతం డెంటల్ కాలేజీలో, సంగివలసలో అనిల్ నీరుకొండ డెంటల్ కాలేజీలో ఆ విభాగం ఉంది. క్యాన్సరని తేలితే అగనంపూడిలో టాటా మెమోరియల్ వాళ్ళ హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. అర్హత కార్డు ఉన్న కుటుంబాలకి క్యాన్సరు చికిత్స ఖర్చు డాక్టర్ ఎన్టీఆర్ వైద్యసేవ కిందికి వస్తుంది. ఓపీలో రాసే మామూలు బిళ్ళలకి ఆ పథకం మీద ఆశ పెట్టుకోకండి.

పది మందికి తక్కువ కాకుండా పనిచేసే కొట్టులో, గోడౌనులో జీతం నెలకి 21,000 రూపాయలు దాటని గుమస్తాలకి ఈఎస్ఐ బీమా హక్కు. జీతం నుంచి 0.75 శాతం కోత పడుతోందో లేదో చీటీలో చూసుకోండి. పడుతుంటే మల్కాపురం ఈఎస్ఐ ఆసుపత్రి మీది. చందా రోజులు సరిపోతే డాక్టరు రాసిన సెలవుకి జీతంలో 70 శాతం చొప్పున ఏడాదికి 91 రోజుల దాకా వస్తుంది. క్యాన్సరు వంటి దీర్ఘరోగాలకి అది 80 శాతానికి పెరిగి ఇంకా ఎక్కువకాలం నడుస్తుంది. కూలికి పనిచేసే కళాసీల్లో చాలామందికి ఈ రక్ష లేదు. వాళ్ళు జట్టు మేస్త్రితో ముందే మాట్లాడి, ఆసుపత్రి పూటకి ఇంకొకరిని పెట్టుకోవడమే దారి.

వెళ్ళేటప్పుడు ఒక కాగితం తీసుకెళ్ళండి. మంట ఎప్పుడు మొదలైంది, పొద్దున ఎక్కువా సాయంత్రం ఎక్కువా, తింటే పెరుగుతుందా తగ్గుతుందా, ఏమేమి నములుతారు. ఇప్పటిదాకా వాడిన బిళ్ళల ఖాళీ అట్టలన్నీ ఒక కవర్లో వేసుకోండి, బీపీ, షుగర్, గ్యాసు బిళ్ళలతో సహా. గుట్కా గురించి సిగ్గుపడి దాచకండి, మచ్చ చూసిన డాక్టరుకి అది ఎలాగూ తెలుస్తుంది. ఒకవేళ గుట్కా, చుట్ట మానేసి నోరు కుదుటపడినా, ఆరు నెలలకోసారి అదే ఓపీలో నోరు చూపించుకుంటూ ఉండాలి. అలవాటు మానేశాక కూడా పాత మచ్చ క్యాన్సరుగా మారగలదు.